తప్పులు చెప్పి ఇచ్చిన పిల్ల

మార్కాపురం,
9 జూన్ 2025

గిద్దలూరు నోటి చరిత్ర కేంద్రం ఆఫీసు పెద్దలకు మస్తానమ్మ దండం పెట్టి చెప్పుకునేది ఏందంటే,

నా పేరు మస్తానమ్మ. వయసు ఆధార్ కార్డులో డెబ్బై ఒకటి, మా అమ్మ చెప్పిన కరువు లెక్కలో డెబ్బై ఆరు, మోకాళ్ళనడిగితే వంద. మా ఆయన కాటమరాజు గొర్రెల మంద తోలినాడు. పోయి పన్నెండేళ్ళయింది. నేను ముప్పై రెండేళ్ళు పలకల ఫ్యాక్టరీలో పలకలు రుద్దినా. ఇంట్లో ఉండేది నేను, నా కొడుకు మాలకొండయ్య, కోడలు యశోద, మనవరాలు వెన్నెల, పదకొండు గొర్రెలు, ఒక పొట్టేలు. పొట్టేలును ఇంటిమనుషుల్లో ఎందుకు కలిపినానంటే అది నా మంచం కిందనే పడుకుంటాది. పుట్టింది కర్నూలు జిల్లాలో, ముసలిదాన్నయింది ప్రకాశం జిల్లాలో. నేను వీధి కూడా దాటలేదు, జిల్లానే దాటిపోయింది. ఇంకో కొత్త జిల్లా కూడా వస్తాదంటన్నారు, రానీ.

సంగతికొస్తా. మా వెన్నెల యూనివర్సిటీకి పోయి చరిత్రలో ఎమ్మే పాసయింది. పాసైన కాడ్నించి ఊర్లో ప్రతి ఒక్కడూ మా గడపలో నిలబడి బ్యాంకు అంటాడు, సచివాలయం అంటాడు, సాఫ్ట్‌వేరు అంటాడు. నా కొడుకు హైదరాబాదు బ్యాంకు కోచింగంటాడు. మీ ఉద్యోగం పేరు ఒక్కడన్నా ఎత్తలేదు. ఎత్తేదానికి తెలిస్తే కదా! త్రిపురాంతకం బస్సులో మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన కాగితంలో దొరికింది అది. పలకల గనుల్లో, గొర్రెల మందల్లో, మెట్ట పొలాల్లో పనిచేసిన ముసలోళ్ళు చెప్పేది ఏడాది పాటు తిరిగి రాసుకునే పని, రెండే ఖాళీలు అని ఉంది. బజ్జీలు చల్లారిపోయినాయి, పిల్ల తినలేదు, కాగితమే చూస్తా కూర్చుంది.

మీ ఫారంలో ఏమడిగినారంటే, పిల్ల పని రెండేళ్ళకు తక్కువ కాకుండా చూసిన పెద్దమనిషి ఎవరన్నా తన సొంత మాటల్లో దాని గురించి రాసి, దానికి చూపకుండా అంటించి పంపాలని. దాని పని ఇరవై మూడేళ్ళు చూసినదాన్ని నేను. సొంత మాటలన్నారు కాబట్టి నేను ఎట్ల చెప్తే అట్లనే, ఒక్క మాట మార్చకుండా రాయమని రాసే మనిషికి గట్టిగా చెప్పినా. రాసే మనిషి అప్పుడే ఆపి నా మొహం చూస్తాంది. చూసేది తర్వాత. రాయి.

దాని తప్పులు.

అడిగిందే అడుగుతాది. గని దగ్గర రాయి ఎట్ల చీల్చేవాళ్ళు అని ఒకసారి చెప్పినా. మీ పక్కన ఎవరు ఉండేవాళ్ళు, ఆయన ఏమన్నాడు, ఆ రోజు ఏం తిన్నారు అని మళ్ళీ మొదలుపెడతాది. నిద్రపోనియ్యదు.

ముసలోళ్ళ దగ్గర కూర్చుంటే లేవదు. మా వీధిలో ఎర్రయ్య అని పాత గని మనిషి ఉన్నాడు. గనిలో కాలు ఇరుక్కున్న కథ చెప్తాడు. మేమంతా నలభైసార్లు విని, ఆయన వస్తన్నాడంటే తలుపేసుకుంటాం. ఇది నలభై ఒకటోసారి కూర్చుని విని, “తాతా, పోయినసారి ఎడమకాలు అన్నావు, ఇప్పుడు కుడికాలు అంటన్నావు” అంది. ఆయన కర్రెత్తుకుని లేచిపోయినాడు. ఇంట్లో ఇది పెట్టిపోయిన అన్నం పొయ్యి మీద మాడిపోయింది.

ఏది దొరికితే దాని మీద రాస్తాది. క్యాలెండరు వెనక, కరెంటు బిల్లు మీద, గ్యాసు పుస్తకం మీద. నా మందుల చీటీ వెనక మా గొర్రెల పేర్లు రాసి పెట్టింది. మందుల దుకాణమాయన చీటీ తిరగేసి చూసి, “అవ్వా, బొల్లిచెవి అనే మాత్ర మా దగ్గర లేదు” అన్నాడు.

అబద్ధం చెప్పడం రాదు. ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్ళిచ్చి, “అత్తా, పోయినసారి తీసకపోయిన గొడుగు తెచ్చినావా?” అంది.

మొండిది. దాన్ని కోప్పడితే ఏడవదు, తిరిగి మాట్లాడదు, పోయి గొర్రెల్లో కూర్చుంటాది.

ఇంకా ఉన్నాయి గానీ రాసే మనిషికి చెయ్యి నొప్పంట.

ఇట్లు,
మస్తానమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర
చదివి వినిపించిన సాక్షి: కరుణాకరం, పలకల ఫ్యాక్టరీ పాత గుమస్తా
సాక్షి: ఎర్రయ్య

తా.క.: ఎర్రయ్య సంతకం పెట్టేముందు ఒక మాట రాయమన్నాడు. కుడికాలేనంట.

ఇంకో తా.క.: ఉత్తరం వట్టిగా పంపితే బాగుండదని కందిపొడి సీసా పంపిస్తన్నా. నెయ్యి మీరే చూసుకోండి.

*

నోటి చరిత్ర కేంద్రం,
స్టేషన్ రోడ్డు, గిద్దలూరు,
18 జూన్ 2025

శ్రీమతి మస్తానమ్మ గారికి,

నమస్కారములు. వెన్నెల అను అభ్యర్థిపై తమరు పేరు, వయసు, కుటుంబ వివరములు, వేలిముద్ర, ఇద్దరు సాక్షులతో పంపిన ఫిర్యాదు మాకు అందినది. దీనిని ఫిర్యాదు నెంబరు ఒకటిగా నమోదు చేసుకున్నాము. మా కేంద్రం తెరిచి ఏడేళ్ళయినా ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు. చేయడానికి మేము ఉన్నామని ఎవరికైనా తెలియాలి కదా.

తమరు అభ్యర్థి మీ మనవరాలని రాశారు. ఇది పొరపాటున పడిన మాట అని భావిస్తున్నాము. సొంత నాయనమ్మ ఈ విధంగా రాయరు. పొలం గట్టు తగాదాలేమైనా ఉంటే ఆ విషయం తెలుపగలరు. ఫిర్యాదు తేలేవరకు అభ్యర్థి దరఖాస్తు పక్కన పెట్టబడినది.

భవదీయురాలు,
పావని, కార్యక్రమ అధికారి

తా.క.: కేంద్రం నియమాల ప్రకారం మేము ఎవరి వద్దా కానుకలు తీసుకోరాదు. కందిపొడి తిరిగి పంపుదామని మధ్యాహ్నం చూస్తే సీసా మాత్రమే ఉంది. విచారిస్తున్నాము.

*

మార్కాపురం,
24 జూన్ 2025

పావని పాపకు మస్తానమ్మ రాయించేది,

నా పేరు, వయసు, ఇంటి సంగతి పోయినసారే చెప్పినా. అప్పటినుంచి ఒక గొర్రె ఈనింది, తక్కినవన్నీ అట్లనే ఉన్నాయి.

ఫిర్యాదా? నేనా? నా బిడ్డ బిడ్డ మీదనా? నీ ఉత్తరం కరుణాకరం చదువుతా ఉంటే నేను లేచి నిలబడినా. నా మోకాళ్ళతో నేను లేచి నిలబడినానంటే ఎంత కోపమొచ్చిందో నువ్వే అర్థం చేసుకో. నా జన్మలో రాయించిన కాగితాలన్నీ అర్జీలే తల్లీ. రేషను కార్డుకు, పింఛనుకు, గొర్రెలు రైలు కింద పడినప్పుడు. కాగితమంటే పేరు చెప్పాల, వయసు చెప్పాల, వేలు పెట్టాల. నాకు ఇంకో రకం కాగితం తెలియదు.

ఇంక తప్పులంటావా. గిద్దలూరులో పుట్టినదానివి కాదా నువ్వు? మా గొర్రెలోళ్ళల్లో జీవాన్ని ఇంకొకరి మందకు ఇచ్చేటప్పుడు ముందు తప్పులు చెప్తాం. దగ్గుందా, పాలు తక్కువా, మంద ఇడిసి పోతాదా. చెప్పకుండా ఇస్తే నెల లోపల ఎప్పుడైనా తెచ్చి మన గడప ముందర కట్టేసి పోవచ్చు. చెప్పి ఇస్తే అది తిరిగి రాకూడదు. మంచి ఎవరూ చెప్పరు. మంచి చెప్పే అమ్మకందారుణ్ని చూస్తే కొనేవాడు లేచిపోతాడు. వీడు ఏదో దాస్తన్నాడని. మా కాటమరాజు కంభం చెరువు కట్ట మీద కూర్చుని ఒక పొట్టేలుకు తొమ్మిది తప్పులు చెప్పినాడు. కొనొచ్చిన బేస్తవారిపేట ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. “ఇంత నిజమైన మనిషిని చూడలేదు కాటమన్నా” అని చెయ్యి పట్టుకున్నాడు. ఆ పొట్టేలు ఆయన మందలోనే ముసలిదైంది. ఆయనా ఈయనా చచ్చేదాకా బావా బావా అనుకున్నారు. ఇప్పుడు తప్పులు చెప్పేవాళ్ళూ లేరు, విని చెయ్యి పట్టుకునేవాళ్ళూ లేరు.

నేను మా పిల్ల తప్పులు చెప్పింది అది మీ దగ్గర్నించి తిరిగి రాకూడదని. నువ్వేమో నెంబరేసి పక్కన పెట్టినావు.

పోనీ, అన్ని తప్పులు విన్నావు కాబట్టి ఒక్క మంచి చెప్తా. రాయి. అదీ సంగతి, విన్నావా పాపా.

నీకు ఇంకా అనుమానంగా ఉంటే దానికీ ఒక పద్ధతి ఉంది. పదిహేను రోజులు మీ మందలో కట్టేసుకోండి. తిండి మేము పంపిస్తాం. ఏమీ ఇయ్యొద్దు. కుదిరితే ఉంచుకోండి, కుదరకుంటే తోలేయండి.

ఇట్లు,
మస్తానమ్మ వేలిముద్ర
చదివి వినిపించిన సాక్షి: కరుణాకరం
సాక్షి: ఎర్రయ్య

తా.క.: నెంబరు ఒకటి ఇంకెవరికన్నా ఇయ్యి. ఎర్రయ్య అడుగుతన్నాడు, గని మీద ఆయనకు నలభై ఏళ్ళనాటి ఫిర్యాదు ఉందంట.

ఇంకో తా.క.: ఈసారి రెండు సీసాలు. ఒకటి నియమాలకు, ఒకటి నీకు.

*

నోటి చరిత్ర కేంద్రం,
గిద్దలూరు,
3 జూలై 2025

శ్రీమతి మస్తానమ్మ గారికి,

నమస్కారములు. మీ ఉత్తరం చదివి ఫిర్యాదు నెంబరు ఒకటిని కొట్టివేశాము. ఎర్రయ్య గారు తమ గనికే రాసుకోవలెను.

అయితే మీ రెండో ఉత్తరం మాకు ఇంకా ఎక్కువ ఆందోళన కలిగించినది. “కట్టేసుకోండి”, “ఏమీ ఇయ్యొద్దు”, “తోలేయండి” అను మాటలు ఉన్నవి. మా కేంద్రం ఎవరిచేతా ఊరికే పని చేయించుకోదు. ఎవరినీ కట్టివేయదు. వెన్నెల గారు ఈ పనికి తమ ఇష్టంతో వస్తున్నారా, లేక ఇంట్లో పెద్దలు తోలుతున్నారా? దయచేసి తెలుపగలరు.

రెండవది, మీ వేలిముద్రలో గీతలు ఏమియు లేవు. రెండు ఉత్తరాలలోనూ వట్టి మరక ఉన్నది. వేలికి బదులు వేరే ఏదైనా వస్తువు అద్దినారా?

మూడవది, “ఒక్క మంచి చెప్తా, రాయి” అని ఉండి, వెంటనే “అదీ సంగతి” అని ఉన్నది. మధ్యలో కాగితం ఏదైనా తప్పిపోయినదా?

భవదీయురాలు,
పావని

తా.క.: నియమాల సీసాను మా జీపు డ్రైవరు ఇమ్మానుయేలు స్వాధీనపరచుకున్నాడు. రెండవ దాని గురించి నేనేమీ చెప్పదలచుకోలేదు. నేను పుట్టింది గిద్దలూరులో కాదు, విజయవాడలో. అయినా నెయ్యి వేసుకున్నాను.

*

మార్కాపురం,
9 జూలై 2025

పావని పాపకు మస్తానమ్మ,

బొటనవేలు నాదే. గీతలు లేవు, నిజమే. అవి పలకల మీద పోయినాయి.

ముప్పై రెండేళ్ళు తల్లీ. పొద్దున ఫ్యాక్టరీకి పోతే వరసగా ఇరవై మందిమి కూర్చునేవాళ్ళం. రాయి రేకు మీద నీళ్ళు చల్లడం, బొటనవేలితో ఒత్తి పట్టడం, రుద్దడం. అంచు నున్నగయిందా అని మళ్ళీ బొటనవేలితోనే తడిమి చూడడం. చిన్నపిల్లల చేతికి గీసుకోకూడదు కదా. రాయి నున్నగయింది, వేలూ నున్నగయింది. సాయంత్రానికి మేమంతా బూడిదలో పొర్లినట్టు ఉండేవాళ్ళం. నేను ఇంటికొస్తే కాటమరాజు గొర్రెలు దయ్యమనుకుని బెదిరేవి. “మొహం కడుక్కునేదాకా మందలోకి రాబాక” అని కేకలేసేవాడు మా ఆయన. కడుక్కున్నాక, “ఇప్పుడు నేను బెదురుతన్నా” అనేవాడు. ఏం చేస్తాం, అట్లాంటోడు.

మా పలకలు లారీలెక్కి ఎక్కడెక్కడికో పోయేవి. ఆ పలక మీద ఎవడు దిద్దినాడో, ఎవడు కలెక్టరయినాడో. నేను మాత్రం దిద్దలేదు. మాకు ఎవరి దొంతర వాళ్ళది, కలిసిపోకుండా సుద్దముక్కతో గుర్తేసుకునేవాళ్ళం. ఒకరిది చేప, ఒకరిది నాగలి. నాది చదరం, దాంట్లో మూడు గీతలు. చదరం పలక. గీతలు ఎందుకంటే నాకే తెలియదు, చెయ్యి అట్ల పోయింది.

ఇప్పుడు రేషను మిషన్ మీద వేలు పెడితే నేను లేనంటాది. ఎదురుగా నిలబడి తిడతా ఉంటే కూడా లేనంటాది. నువ్వూ ఆ మిషన్ జతే చేరినావా? అందుకని ఈసారి వేలు పెట్టను, నా గుర్తే పెడతా. ఇష్టముంటే తీసుకో.

ఇష్టం అడిగినావు. దానికి ఇష్టమా అని. బజ్జీల కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్న పిల్లకు ఇష్టం కాకుంటే ఏంది? రాసే మనిషి కూడా తల ఊపతాంది చూడు. కష్టం ఎక్కడుందంటే, నా కొడుకు ఆగస్టు ఐదో తేదీ హైదరాబాదు బస్సుకు దానికి టికెట్టు తీసేసినాడు. ఆ లోపల మీ దగ్గర్నించి ఏదో ఒకటి రాకుంటే పిల్ల ఆ బస్సెక్కి పోవాల్సిందే. వాడు చెడ్డోడు కాదు. ఎమ్మే చదివిన కూతురు గొర్రెల్లో కూర్చుంటే నలుగురూ నవ్వుతారని వాడి భయం. నేనూ భయపడతన్నా. మా ఈడోళ్ళం పోతే గని సంగతి, ఫ్యాక్టరీ సంగతి ఎవరికి కావాల? ఇరవై మందిమి కూర్చున్న వరసలో ఇప్పుడు ముగ్గురం ఉన్నాం. అది అడిగితే తప్ప మేము ఎవరికీ ఏమీ చెప్పము.

కాగితం ఏదీ తప్పిపోలేదు. ఆ మాట ఎక్కడ పోయిందో నాకు తెలుసు. దాని టైము వస్తాది.

ఇట్లు,
మస్తానమ్మ గుర్తు: చదరం, దాంట్లో మూడు గీతలు
చదివి వినిపించిన సాక్షి: కరుణాకరం
సాక్షి: ఎర్రయ్య

తా.క.: ఎర్రయ్య నా గుర్తు చూసి తనకూ ఒకటి కావాలన్నాడు. కాలు బొమ్మ వెయ్యమన్నా. ఏ కాలని ఆలోచిస్తన్నాడు.

*

నోటి చరిత్ర కేంద్రం,
గిద్దలూరు,
17 జూలై 2025

శ్రీమతి మస్తానమ్మ గారికి,

నమస్కారములు. ఈ ఉత్తరం రాయడం నాకు కష్టంగా ఉన్నది.

మీ గుర్తును దస్త్రంలో పెట్టుటకై వెన్నెల గారి దరఖాస్తు తీసి పక్కన ఉంచగా, మీ మూడు ఉత్తరాల చేతిరాత, దరఖాస్తులోని చేతిరాత ఒక్కటేనని తేలినది. అనగా, అభ్యర్థికి చూపకూడని ఉత్తరాలను అభ్యర్థే రాసినారు. ఇది కేంద్రం నియమాలకు విరుద్ధము. తన గురించి తానే రాసుకున్న ఉత్తరంగా దీనిని భావించవలసి వస్తుంది.

పది రోజులలో సరైన సంజాయిషీ అందని పక్షంలో వెన్నెల గారి పేరు తొలగించబడును.

భవదీయురాలు,
పావని

తా.క.: ఖాళీ సీసాలు మూడూ కడిగి పంపుతున్నాను. ఇమ్మానుయేలు పార్సెలు కట్టనన్నాడు, నేనే కట్టాను.

*

మార్కాపురం,
22 జూలై 2025

పావని పాపకు,

ఈ ఉత్తరం కరుణాకరం రాస్తన్నాడు. ఆయన చెయ్యి వణుకుతాది, కాగితం మీద అక్షరాలు కుక్క తరిమిన గొర్రెల్లా ఉంటాయి, ఓపిగ్గా చదువుకో. చెయ్యి బాగుంటే మొదట్నించీ ఆయన చేతనే రాయించేదాన్ని. మా ఇంట్లో చెయ్యి వణక్కుండా రాసేది వెన్నెల ఒక్కతే.

అది మొదటి రోజే చెప్పింది, “జేజీ, ఇది నేను రాయకూడదు, నేను చూడకూడదని ఉంది” అని. “నువ్వు రాయడంలా, నేను రాస్తన్నా. నువ్వు పలకవి. నేనేం గీస్తే అది పడాల” అన్నా. తప్పు నాది. తొలగించాలంటే నన్ను తొలగించండి.

ఇంకో సంగతి కూడా ఉంది. పలక రుద్దడం అయినాక మేము దాన్ని వేలి మెటికతో తట్టి చూసేవాళ్ళం. మంచి పలక మోగుతాది. లోపల బీట ఉంటే చప్పగా అంటాది, కంటికి ఏమీ కనపడదు. దాని తప్పులు దాని చేతనే రాయించి నేను తట్టి చూసినా. ప్రతి ఉత్తరం అయినాక, గొర్రెలకు నీళ్ళు పెట్టి రమ్మని దాన్ని పంపి, కరుణాకరాన్ని పిలిపించి చదివించుకున్నా. సాక్షి అంటే అందుకే. నాకు చదువు లేదు గానీ నేనన్న మాట నాకు గుర్తుంటాది. అన్నం మాడిందన్నా, మాడిందని రాసింది. మొండిదన్నా, మొండిదని రాసింది. తన కోసం దొంగ ఉత్తరం రాసుకునే మనిషి అట్ల రాసుకుంటాదా?

మీ ఉద్యోగం ఏంది తల్లీ? ముసలోళ్ళు చెప్పింది, నచ్చినా నచ్చకున్నా, చెప్పినట్టు రాసుకోవడం. మరి నెలన్నరగా నీకు వస్తన్నవి ఏంది?

ఇట్లు,
మస్తానమ్మ గుర్తు: చదరం, మూడు గీతలు
రాసిందీ సాక్షీ: కరుణాకరం
సాక్షి: ఎర్రయ్య

తా.క.: ఇప్పటిదాకా ఐదు తప్పులు చెప్పినా. ఆరోది ఉంది. చెప్పకుండా ఇస్తే తిరిగొస్తాది కాబట్టి చెప్తన్నా. ఒక చోట ఒక మాట మింగింది. అది ఏందో, పిల్లను తీసుకుంటామని చెప్తే చెప్తా.

ఇంకో తా.క.: సీసాలు ఖాళీగా పంపినావు. మా ఇండ్లల్లో ఎవరి గిన్నె వాళ్ళకు ఖాళీగా తిరిగియ్యరు. విజయవాడ దానివి కాబట్టి వదిలేస్తన్నా.

*

నోటి చరిత్ర కేంద్రం,
గిద్దలూరు,
30 జూలై 2025

మస్తానమ్మ అవ్వకు,

దండాలు. నిన్న మా కమిటీ కూర్చుంది. కమిటీ అంటే పెద్ద మాట, ముగ్గురం. మీ ఉత్తరాలు నాలుగూ పైకి చదివాను. ఈ ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తులు పద్నాలుగు. మిగతా పదమూడింటితో వచ్చిన పెద్దల ఉత్తరాలలో అందరూ ‘కష్టపడే తత్వం గలవారు’. ఒక్కరికి కూడా అన్నం మాడలేదు.

వెన్నెలను తీసుకోవాలని నిర్ణయించాం. కానీ తీసుకునే ముందు మీ పద్ధతి ప్రకారం మా తప్పులు చెప్పాలని అందరం అనుకున్నాం.

మా దగ్గర జీతం చెప్పిన రోజుకు రాదు. జీపు తోస్తేనే కదులుతుంది. ఒకసారి కదిలితే ఆగడం కూడా దాని ఇష్టమే. వానొస్తే రికార్డుల బీరువా మీద గొడుగు పట్టాలి. ఈ ఏడాది అయ్యాక ఏమిటంటే మా దగ్గర జవాబు లేదు. ఉద్యోగ ప్రకటన పెద్ద పేపర్లో వెయ్యడానికి చేతకాక చిన్న కాగితాలు అచ్చేసి బస్టాండుల్లో పంచాం, అవి బజ్జీల బండి దాకా పోయాయి. చివరిగా, ఇక్కడ పావని అని ఒకామె ఉంది. అన్నిటికీ నెంబరు వేస్తుంది. మనుషుల్ని ఆలస్యంగా నమ్ముతుంది.

ఇవన్నీ విని కూడా పంపుతారా? పంపితే ఆగస్టు నాలుగు నుంచి ఆమె మా మనిషి. మొదటి పని మీ ఇంట్లోనే. ఆమె రాసుకోవలసిన మొదటి పెద్ద మీరు. మా నమోదు కాగితం ఎలా మొదలవుతుందంటే, చెప్పేవారి పేరు, వయసు, ఇంటి వివరం. చివర చెప్పినవారి సంతకం, సాక్షులు. మీకు మళ్ళీ నేర్పనక్కర్లేదు.

మీ గుర్తును సంతకంగా తీసుకుంటున్నాం.

ఇట్లు,
మీ పావని

తా.క.: ఖాళీ సీసాల బాకీకి మా సీసాలో గిద్దలూరు వేరుశనగ ఉండలు పంపుతున్నాను. ఇమ్మానుయేలు పోయి కొన్నాడు. జీపు తోసుకుంటూ వెళ్ళాడు.

ఇంకో తా.క.: ఆరో తప్పు కోసం ఆఫీసంతా కాచుకుని ఉంది.

*

మార్కాపురం,
4 ఆగస్టు 2025

పావని పాపకు మస్తానమ్మ దీవించి రాయించేది,

చెప్పేవారి పేరు మస్తానమ్మ. వయసు మూడు రకాలుగా ముందే చెప్పినా, నీ ఇష్టమొచ్చింది వేసుకో. ఇంట్లో నేను, కొడుకు, కోడలు, గొర్రెలు పన్నెండు, పొట్టేలు ఒకటి, ఈ రోజు నుంచి ఉద్యోగస్తురాలు ఒకతి.

మీ తప్పులన్నీ విన్నాం. ఇంత నిజమైన ఆఫీసు చూడలేదు. చెయ్యి పట్టుకున్నాం అనుకో. కరుణాకరం చేత నీ ఉత్తరం మాలకొండయ్యకు రెండుసార్లు చదివించినా. జీతం చెప్పిన రోజుకు రాదు అన్న కాడ లేచినాడు, మనుషుల్ని ఆలస్యంగా నమ్ముతాది అన్న కాడ కూర్చున్నాడు. “తప్పు చెప్పి తీసుకుంటన్నారు కదమ్మా, పోనీలే” అన్నాడు. ఎంతైనా కాటమరాజు కొడుకు. బస్సు టికెట్టు మీద ఎర్రయ్య రేపు హైదరాబాదు పోతన్నాడు, కూతుర్ని చూసేదానికి. పాపం ఆ బస్సులో పక్కన కూర్చునేది ఎవరో.

ఇంక ఆరో తప్పు.

రెండో ఉత్తరంలో ఒక్క మంచి చెప్తా, రాయి అన్నా. చెప్పినా కూడా. కరుణాకరం చదివేటప్పుడు ఆ మాట రాలేదు. తన తిట్లన్నీ రాసుకున్న పిల్ల తన మెప్పు మాత్రం మింగేసింది. ఆ రోజు ఉద్యోగం రానీ అని ఊరుకున్నా. ఇప్పుడు అది పనిలో ఉంది. పనిలో ఉండి పెద్దోళ్ళు చెప్పిన మాట మింగకూడదు. ఏమ్మే, తల ఎత్తు. రాయి. కళ్ళు తుడుచుకునేది తర్వాత, కాగితం తడుస్తాది.

దానికి ఐదేళ్ళప్పుడు బడిలో వేసినాం. నేను రుద్దిన పలకే చేతికిచ్చినా. మొదటి రోజు టీచరమ్మ పిల్లలందరినీ వచ్చిందేదో పలక మీద రాయండి అంది. ఒకడు అ రాసినాడు, ఒకడు ఒకట్లు రాసినాడు. దీనికి అప్పటికి ఒక్క అక్షరం రాదు. చదరం గీసి, దాంట్లో మూడు గీతలు గీసింది. టీచరమ్మ ఇదేంది అని అడిగితే, “మా జేజి పేరు” అంది.

సాయంత్రం నేను పిలుచుకొచ్చేదానికి పోతే టీచరమ్మ ఆ పలక తుడవకుండా ఎత్తి నాకు చూపించింది. లక్షల పలకలు నా చేతిమీదుగా పోయినాయి పాపా. దేని మీదా ఎవరూ నా పేరు రాయలేదు. అది ఒక్కతే రాసింది.

అంతే. ఇంకేమీ లేదు. ఈ పిల్లను మీకు ఇస్తన్నా. తిరిగి పంపబాకండి.

చెప్పినవారి గుర్తు: చదరం, దాంట్లో మూడు గీతలు
రాసినది: వెన్నెల, క్షేత్ర సహాయకురాలు
సాక్షి: ఎర్రయ్య (ఎడమకాలేనని ఒప్పుకున్నాడు, వెన్నెల రాసుకుంది)
చదివి వినిపించిన సాక్షి: కరుణాకరం. ఈసారి మాట తగ్గలేదు.